మర చుట్టు చూచి బోల్టు బిగించవలెను



మన డెల్టాలో కాలువ గట్ల వెంబడి ధాన్యపు లారీలు, జీపులు, పాత కార్లు నిత్యము తిరుగుచున్నవి. వీని బరువును మోయునవి కమాను పట్టీలు. ఆ పట్టీలను ఇరుసునకు బిగించి ఉంచునవి యు-బోల్టులు. వాని పట్టు తప్పినచో ఇరుసు పక్కకు జరిగి, బండి గట్టు దిగి కాలువలో పడవచ్చును. కావున నట్టు మర, బోల్టు మర ఒక్కటియేనా యని తెలిసికొను విధమును మేము మనవి చేయుచున్నాము.

ధవళేశ్వరము ఆనకట్ట పని 1847లో ఆరంభమైనది. అంతకు ఆరేండ్లు ముందుగా, 1841లో, ఇంగ్లండులో జోసెఫ్ విట్‌వర్త్ మరలకు ఒక ప్రమాణమును సూచించెను. అందు చుట్టు కోణము 55 డిగ్రీలు. 1948లో బ్రిటను, అమెరికా, కెనడా దేశములు 60 డిగ్రీల ఉమ్మడి అంగుళపు ప్రమాణమును అంగీకరించినవి. మిల్లీమీటర్ల మరలకును కోణము 60 డిగ్రీలే. 2014 వరకు తయారైన అంబాసిడరులో అంగుళపు మరలు కలవు. 1983లో వెలువడిన మారుతి 800లో మిల్లీమీటర్ల మరలు కలవు. అన్నియు ఒకే షెడ్డునకు వచ్చుటచే పాత బోల్టుల డబ్బా కలగాపులగమగుచున్నది.

అర అంగుళపు విట్‌వర్త్ బోల్టునకు అంగుళమునకు 12 చుట్లు; ఉమ్మడి ప్రమాణపు ముతక మరకు 13. ఒకదాని నట్టు రెండవదానిపై కొంతవరకు ఎక్కును. పానాతో బలవంతముగా త్రిప్పినచో చేతికి బిగువు తోచును గాని, అది పట్టు కాదు, చుట్లు నలుగుటయే.

మొదట తుప్పును, గ్రీజును ఇనుప బ్రష్షుతో తొలగించవలెను. అరుగని చోట బయటి వ్యాసమును వెర్నియరుతో కొలువవలెను. 12 మిల్లీమీటర్లకు కొంచెము తక్కువైనచో అది 12 మిల్లీమీటర్ల బోల్టు, 12.7కు దగ్గరైనచో అర అంగుళపుది. పిమ్మట థ్రెడ్ గేజి పలకలను ఒక్కొక్కటిగా చుట్లకు ఆనించి, వెలుతురునకు ఎదురుగా చూడవలెను. సందు కనబడని పలకయే సరియైనది.

గేజి లేనిచో స్కేలు చాలును. ఒక చుట్టు కొనను సున్నగా నెంచి, పదవ చుట్టు కొన వరకు కొలువవలెను. 12 మిల్లీమీటర్ల ముతక మరకు ఈ దూరము 17.5 మిల్లీమీటర్లు, అర అంగుళపు విట్‌వర్త్‌నకు సుమారు 21.2, ఉమ్మడి ముతక మరకు సుమారు 19.5.

రాజమహేంద్రవరము అంగడికి పోవునపుడు పాత బోల్టును వెంట గొనిపోవుడు. కొత్త నట్టును అక్కడనే వ్రేళ్లతో త్రిప్పి చూడుడు. శుభ్రమైన మరపై అది పానా అక్కరలేకయే కడవరకు నడువవలెను. నడువనిచో మరలో తేడా ఉన్నట్లే యెంచి తిరిగి కొలువుడు. కొలత తెలియని బోల్టును కమానునకు ఎన్నడును బిగించరాదు.