నాలుగు హద్దుల నడుమ మన ఊరు

 

పట్టాలు అందుకుంటున్న పిల్లలారా, 'పట్టా' అంటే ఈ రోజు మీకు డిగ్రీ. నలభై ఏళ్లు వకాలత్ చేసినవాణ్ని, నాకు మాత్రం ముందు భూమే గుర్తొస్తుంది. వెనక వరుసల్లో కూర్చున్న మీ తల్లిదండ్రులకూ అంతే అనుకుంటాను. అందుకే ఆ రెండో పట్టా గురించి నాలుగు మాటలు చెబుతాను.

నేను జూనియర్‌గా చేరిన రోజుల్లో మా సీనియర్ గారింట్లో ఒక గోడ నిండా ఎర్రగుడ్డ దస్త్రాలుండేవి. అమ్మకానికి బైనామాలు, తాకట్టుకు రెహన్‌నామాలు, కౌలుకు కౌల్‌నామాలు, పహాణీ నకళ్లు. కేసు తేలిపోయాక కక్షిదారు వచ్చి తీసుకుపోకపోతే కాగితం అక్కడే ఉండిపోయేది. అట్లా మూడు తరాల సంగతులు ఆ గోడకు చేరాయి. ఆయన పోయాక ఇల్లు ఖాళీ చేస్తున్నారని తెలిసి నేను వెళ్లేసరికి చాలామటుకు తూకానికి పోయింది. రెండు మూటలే దక్కాయి.

అందులో ఒకటి 1346 ఫస్లీ నాటి బైనామా. ఫస్లీ సంవత్సరానికి 590 కలిపితే మన లెక్కలో 1936 అవుతుంది. రాత ఉర్దూ, నాకు రాదు. రిటైరైన ఉర్దూ పంతులు గారొకరు అద్దాలు తుడుచుకొని చదివి చెప్పారు. అమ్మింది ఎవరు, కొన్నది ఎవరు, ఎన్ని రూపాయలు అన్నది రెండు వరుసల్లో అయిపోయింది. తర్వాత హద్దులు. తూర్పున వాగు. పడమట చాకలి ఇనాం మడి. ఉత్తరాన బండ్ల బాట. దక్షిణాన మోటబావి, దాని గట్టున చింతచెట్టు. కింద నలుగురు గవాలు, అంటే సాక్షులు. ఒకరిది దస్తకత్తు, ముగ్గురివి వేలిముద్రలు.

ఆ కాగితంతో కోర్టుకు ఇక పని లేదు. కానీ ఆ హద్దులు చూడండి. చాకలి ఇనాం అంటే ఊరి బట్టలు ఉతికినందుకు ఒక కుటుంబానికి వదిలిన భూమి. తర్వాత ఆ మాటే మెల్లగా వాడుకలోంచి పోయింది. మోట పోయి మోటారు వచ్చింది. ఆ బాట మీద ఇప్పుడు బండ్లు నడవవు. అమ్మినవాడూ కొన్నవాడూ తమ సంగతి రాయించుకున్నారు. తమకు తెలియకుండానే చుట్టూ ఉన్న ఊరిని కూడా రాయించి పెట్టారు.

ఆ బైనామా ఉర్దూలో ఉండటానికి కారణం ఉంది. మన ఆత్మకూర్ ఒకప్పుడు అమరచింత సంస్థానానికి రాజధాని. సంస్థానం నిజాంకు పేష్కష్, అంటే కప్పం, కట్టేది. పైన సర్కారు భాష 1880ల దాకా ఫార్సీ, తర్వాత ఉర్దూ. ఊళ్లో మాట తెలుగు. ఒక్క పొలం కథ మూడు భాషల్లో చెదిరిపోయి ఉండవచ్చు. హైదరాబాద్ తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో మొఘలుల దక్కన్ పాలన నాటి ఫార్సీ కాగితాలు కూడా భద్రంగా ఉన్నాయి. చదివేవాళ్లే తగ్గిపోతున్నారు. మీలో ఒక్కరు ఆ లిపి నేర్చుకున్నా ఈ ప్రాంతానికి పెద్ద ఉపకారం.

అయితే దస్తావేజు చెప్పిందంతా నిజమని నమ్మకండి. ఆ బైనామాలో పొలం దున్నినవాడి పేరు లేదు. 1950లో హైదరాబాద్ కౌలుదారీ చట్టం వచ్చాకే రక్షిత కౌలుదార్ల పేర్లు సర్కారు రిజిస్టర్లకెక్కాయి. ఆ సంస్కరణలతో పేరు ముడిపడిన బూర్గుల రామకృష్ణారావు గారు మన పాలమూరు మనిషి, వకీలు. గద్వాల దగ్గర పుట్టిన సురవరం ప్రతాపరెడ్డి గారూ వకీలే. రాజుల యుద్ధాలు పక్కనబెట్టి జనం తిండి, బట్ట, ఆటపాటలు వెతికి 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర' రాశారు. 1955లో తెలుగుకు తొలి సాహిత్య అకాడమీ బహుమతి దానికే వచ్చింది. దస్త్రంలో ఉన్నదాన్నీ లేనిదాన్నీ కలిపి చదవడం వీళ్లను చూసి నేర్చుకోవాలి.

పాత కాగితం పారేసేది మనమొక్కరమే కాదు. ఇంగ్లండులో 1925 ఆస్తి చట్టం తర్వాత పాత దస్తావేజులు చాలామటుకు అక్కరలేనివయ్యాయి. తోలు మీద రాసిన ఆ పత్రాలను కోసి దీపాలకు గొడుగులు చేసుకున్నారు. మిగిలినవాటినైనా లాయర్ల ఆఫీసుల నుంచి ఆర్కైవ్స్‌కు చేర్చాలని 1932లో ఒక సంఘమే పుట్టింది. మన దగ్గర ఖాతాలు కంప్యూటర్‌లోకి ఎక్కాయి. ఇక పాత కాగితం దేనికని మనమూ అనుకుంటున్నాం. కంప్యూటర్‌లో సర్వే నంబరుంటుంది, విస్తీర్ణం ఉంటుంది. చింతచెట్టు ఉండదు. కృష్ణ ఒడ్డున జూరాల, శ్రీశైలం ఆనకట్టల వెనక నీళ్లలో మునిగిన పొలాలకైతే బాటలు, బావులు మిగిలింది ఆ పాత హద్దుల్లోనే.

చట్టంలో ఒక మంచి మాట ఉంది. ముప్పై ఏళ్లు దాటిన పత్రం ఉండాల్సిన చోటి నుంచే కోర్టుకు వస్తే దాని సంతకాలు నిజమైనవేనని కోర్టు భావించవచ్చు. భారతీయ సాక్ష్య అధినియంలో అది 92వ సెక్షన్. దాచినచోటుకు కూడా విలువ ఉందన్నమాట. మీ ఇంటి ట్రంకుపెట్టె అలాంటి చోటే.

ఈ రాత్రి అది తెరవండి. కాగితాలకు టేపు అంటించకండి, లామినేషన్ చేయించకండి. ఫొటోలు తీసి, ఎవరి దగ్గర నుంచి వచ్చిందో వేరే కాగితం మీద రాసి పెట్టండి. తర్వాత మీ అవ్వను పక్కన కూర్చోబెట్టుకొని హద్దులు చదవండి. ఆ బావి ఎవరు తవ్వారు, ఆ బాట ఎక్కడికి పోయేది అని అడగండి. ఆమె చెప్పింది కూడా రాయండి. దస్తావేజులో అది ఎవరూ రాయించలేదు.

మీరు అందుకున్న పట్టా మీద మీ పేరొక్కటే ఉంది. దానికీ గవాలున్నారు. కొందరికి సంతకం రాకపోవచ్చు. వెనక వరుసల్లో కూర్చున్నారు, బయటికి పోయేటప్పుడు ముందు వాళ్ల చేతికివ్వండి.