పంపడం వేరు, చేరడం వేరు

(మన సంఘం సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం. సభ్యుల కోరికపై ఈ ప్రత్యేక సంచికలో ప్రచురిస్తున్నాము.)



కార్యదర్శి గారు పదిహేను రోజుల క్రితం ఫోను చేశారు. "ఎప్పుడూ డి.ఎ. గురించీ, మెడికల్ ఇన్సూరెన్సు గురించీ వింటున్నాం. ఈసారి మీరు కంప్యూటర్ల గురించి చెప్పండి. నవంబరులో లైఫ్ సర్టిఫికెట్ ఇద్దామని బ్రాంచికి వెళితే ‘సిస్టమ్ అప్‌డేట్ అవుతోంది సార్, కాసేపు కూర్చోండి’ అన్నారు. గంటన్నర కూర్చున్నాను. ఆ అప్‌డేట్ ఎవరు చేస్తారు? ఎందుకు చేస్తారు? మన లెడ్జర్లకి ఇవన్నీ అక్కరలేదే!" అన్నారు. ప్రశ్న న్యాయమైనదే. నాకు తెలిసినంతలో జవాబు చెబుతాను. మధ్యలో నా ఉద్యోగంలో జరిగిన ఒక పొరపాటు గురించి కూడా చెబుతాను. ఇన్నేళ్ళూ దాన్ని ఏ సభలోనూ చెప్పుకోలేదు.

రంగరాజన్ గారి కమిటీలు 1984లోనూ, 1989లోనూ నివేదికలు ఇచ్చాక బ్యాంకుల్లోకి యంత్రాలు వచ్చాయి. వద్దని గేటు దగ్గర నినాదాలు ఇచ్చినవాళ్ళలో నేనూ ఉన్నాను. తరువాత లెడ్జర్ పోస్టింగ్ మిషను మీద కూర్చోబెట్టిందీ నన్నే, రీజినల్ ఆఫీసు కంప్యూటర్ విభాగానికి పంపిందీ నన్నే. అప్పటికి శాఖలను కలిపే లైను లేదు. ప్రోగ్రాములో ఏ చిన్న మార్పు వచ్చినా ఫ్లాపీల్లో కాపీ చేసి, కవర్లలో పెట్టి, కొన్ని తపాలాలో, కొన్ని ఆర్టీసీ బస్సులో మనిషి చేత పంపేవాళ్ళం. మా కింద 34 శాఖలు. ఫ్లాపీ అందినట్టు శాఖ నుంచి సంతకం వస్తే రిజిస్టరులో టిక్కు పెట్టేవాణ్ణి. 34 టిక్కులు పడితే పని అయిపోయినట్టు.

1998 ఆగస్టులో డి.ఎ. మారింది. పెన్షను లెక్క కట్టే ప్రోగ్రాము అప్పుడు శాఖల్లోనే ఉండేది. కొత్త రేటు వేసిన ఫ్లాపీలు పంపాము. 34 టిక్కులూ పడ్డాయి. నెల తిరిగాక ఒక శాఖ నుంచి ఫోను వచ్చింది. ఒక ఫ్యామిలీ పెన్షనరు వచ్చి, డబ్బు పెరగలేదేమని అడుగుతున్నారట. నేను రిజిస్టరు తీసి చూశాను. సంతకం ఉంది. "ఫ్లాపీ ముట్టింది కదండీ, కంప్యూటరు లెక్క తప్పదు" అన్నాను. ఆ మాటే వాళ్ళు ఆవిడకు చెప్పారు. మరుసటి నెలా ఆవిడ వచ్చారు, మళ్ళీ అదే జవాబు. అలా డిసెంబరు దాకా నడిచింది.

జనవరిలో వేరే పని మీద ఆ శాఖకు వెళ్ళి, ఎందుకో అనుమానం వచ్చి ప్రోగ్రాము తెరిచి చూస్తే పాత రేటే ఉంది. ఫ్లాపీ చేరిన రోజు మిషను రిపేరులో ఉంది. ఆఫీసరు గారు సంతకం చేసి, ఫ్లాపీని సొరుగులో పెట్టి, పది రోజుల్లో బదిలీ మీద వెళ్ళిపోయారు. సొరుగు లాగితే కవరు విప్పకుండా అలాగే ఉంది. ఆ శాఖలో పెన్షను తీసుకునేవారు పదకొండు మంది. పది మంది ‘ఎరియర్సు వస్తాయిలే’ అని ఊరుకున్నారు. అడిగింది ఆవిడ ఒక్కరే. అడిగిన మనిషికి ఐదు నెలలు ‘తప్పు లేదు’ అని చెప్పింది నేను.

మిత్రులారా, కంపెనీల కంప్యూటర్లను ఒక్కచోటి నుంచి చూసుకునే సాఫ్ట్‌వేర్లు పుట్టింది సరిగ్గా ఈ జబ్బుకు మందుగానే. మైక్రోసాఫ్ట్ వారు 1994లో సిస్టమ్స్ మేనేజ్‌మెంట్ సర్వర్ అని ఒకటి తెచ్చారు. అదే పేరు మారుతూ 2007లో సిస్టమ్ సెంటర్ కాన్ఫిగరేషన్ మేనేజర్ అయింది. ఇంటర్నెట్ ద్వారా పనిచేసే ఇన్‌ట్యూన్ 2011లో వచ్చింది. మన పక్కనే చెన్నైకి చెందిన జోహో వారిది కూడా ఒకటి ఉంది. మొదట డెస్క్‌టాప్ సెంట్రల్ అనేవారు, 2022లో ఎండ్‌పాయింట్ సెంట్రల్ అని మార్చారు. పేర్లు ఏవైనా పద్ధతి ఒకటే. ప్రతి కంప్యూటరులోనూ చిన్న ప్రోగ్రాము ఒకటి కూర్చుని ఉంటుంది. మన శాఖల్లో అటెండరు హాజరు పట్టీ తెచ్చినట్టు, అది వేళకు తన వివరాలు కేంద్రానికి పంపుతుంది. ఏ మోడలు, ఎంత మెమరీ, ఏ ప్రోగ్రాము ఏ వెర్షను, ఏ సవరణలు ఎక్కాయి, ఏవి ఎక్కలేదు, అన్నీ.

ఇందులో అసలు గొప్ప పంపడంలో లేదు. పంపడం ఆర్టీసీ బస్సు కూడా చేసింది. చేరని మిషను పేరు ఎర్ర అక్షరాల్లో చూపించడమే గొప్ప. నా రిజిస్టరులో టిక్కు ‘పంపాను’ అని చెప్పింది, ‘ఎక్కింది’ అని చెప్పలేదు. కాన్ఫిగరేషన్ మేనేజరులో 2018 నుంచి సీఎంపివట్ అనే సదుపాయం ఉంది. కేంద్రంలో కూర్చున్న మనిషి ‘పాత వెర్షను ఎవరి దగ్గర ఉంది’ అని అడిగితే, ఆ క్షణంలో ఆన్‌లో ఉన్న మిషన్లన్నీ అప్పటికప్పుడు జవాబు చెబుతాయి. ఆ రోజున నాకది ఉండి ఉంటే ఐదు నెలలు పట్టేది కాదు.

చేరకపోతే ఏమవుతుందో 2017లో లోకమంతా చూసింది. వన్నాక్రై అనే వైరసు ఆ ఏడాది మే 12న బయలుదేరి, 150 దేశాల్లో రెండు లక్షలకు పైగా కంప్యూటర్లకు తాళం వేసి డబ్బు అడిగింది. ఇంగ్లండులో ఆసుపత్రులు ఆపరేషన్లు వాయిదా వేసుకున్నాయి. ఇక్కడ ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని కూడా దాని బారిన పడ్డాయి. ఇంత చేసిన ఆ వైరసు దూరిన కంతకు మరమ్మతు మార్చి 14నే విడుదలైంది. అంటే మందు బజారులోకి వచ్చి రెండు నెలలైంది. పంపడం జరిగింది, చేరడం జరగలేదు.

అయితే అందరికీ ఒకేసారి చేరిస్తే మంచిదేనా? దానికి జవాబు 2024 జూలై 19న వచ్చింది. క్రౌడ్‌స్ట్రయిక్ అనే భద్రతా సంస్థ పంపిన ఒక అప్‌డేటులో తప్పు దొర్లింది. దాన్ని గంటన్నర లోపే వెనక్కి తీసుకున్నారు. ఆ కాస్త వ్యవధిలోనే 85 లక్షల విండోస్ మిషన్లు నీలం తెరతో ఆగిపోయాయి. మన శంషాబాదు విమానాశ్రయంలో బోర్డింగు పాసులు చేత్తో రాసి ఇచ్చారు. చాలాచోట్ల ఒక్కొక్క మిషను దగ్గరకూ మనిషి వెళ్ళి బాగుచేయవలసి వచ్చింది. అంటే మళ్ళీ నా ఫ్లాపీ సంచీ రోజులే!

అందుకే ఇప్పుడు సవరణలను విడతలుగా పంపుతున్నారు. మొదట కంప్యూటర్ విభాగం వారి సొంత మిషన్లకు, అవి రెండు రోజులు బాగుంటే కొన్ని శాఖలకు, అవీ బాగుంటే అందరికీ. ఒక విడతలో అనుకున్నంత మందికి సరిగ్గా ఎక్కితేనే తరువాతి విడత దానంతటదే మొదలవుతుంది, లేకపోతే ఆగుతుంది. వంటమనిషి పులుసు ముందు తన అరచేతిలో వేసుకుని రుచి చూసి, ఆ తరువాతే పంక్తిలో వడ్డించినట్టు అన్నమాట.

ఇంకొక సదుపాయం చూసి నాకు నవ్వు వచ్చింది, సంతోషమూ కలిగింది. ఒక్క మీట నొక్కి పదివేల కంప్యూటర్ల మీద పని చేయించగల అధికారం ఒక్క మనిషి చేతిలో ఉండటం ప్రమాదమని గ్రహించారు. 2017 నుంచి కాన్ఫిగరేషన్ మేనేజరులో మామూలుగా ఒకరు రాసిన ఆదేశాన్ని వారే ఆమోదించుకోలేరు, రెండవవారు ఆమోదించాలి. ఇన్‌ట్యూన్‌లోనూ ముఖ్యమైన మార్పులకు ఇద్దరు అధికారుల ఆమోదం పెట్టుకునే వీలు వచ్చింది. ఇది మనకు కొత్తా? స్ట్రాంగ్ రూముకి రెండు తాళం చెవులు, వోచరుకి రెండు సంతకాలు మన ఉద్యోగంలో మొదటి రోజు నేర్పిన పాఠమే. అమెరికా కంపెనీలు ఇప్పుడు మన క్యాషియరు గారి దారికి వచ్చాయి.

ఇక కార్యదర్శి గారి గంటన్నర సంగతి. శాఖ తెరిచి ఉండగా మిషను ఆగనక్కరలేదు. ‘రాత్రి పది నుంచి తెల్లవారు నాలుగు వరకే’ అని వేళ కట్టే సదుపాయం 2007 నాటికే ఉంది. ఆపి ఉన్న మిషనును రాత్రి లేపి, పని చేయించే వీలూ ఉంది. లైను సన్నగా ఉన్న పల్లె శాఖల్లో ఒక్క మిషను ఫైలు దించుకుంటే, మిగతావి దాని దగ్గర తీసుకోవచ్చు. ఊళ్ళో ఒకరు పేపరు తెప్పిస్తే పదిమంది చదివినట్టు. 2025లో ఇంకొక అడుగు వేశారు. విండోస్ 11 వాడే సంస్థలకు, మిషనును ఆపి మళ్ళీ మొదలుపెట్టకుండానే భద్రతా సవరణ ఎక్కించే పద్ధతి వచ్చింది. మామూలుగా ఏడాదికి నాలుగుసార్లు మాత్రం తిరిగి మొదలుపెడితే చాలు. కనుక ఈసారి ఎవరైనా పనివేళల్లో కూర్చోమంటే, ‘రాత్రి పెట్టుకోరాదా బాబూ’ అని మర్యాదగా అడగండి. అడిగే హక్కు మనకుంది.

మన పిల్లలు చాలామంది సాఫ్ట్‌వేరు కంపెనీల్లో ఉన్నారు గనక ఒక మాట. 2017 నుంచి ఆటోపైలట్ అనే పద్ధతి ఉంది. కొత్త ల్యాప్‌టాప్ సీలు విప్పకుండా కొరియర్‌లో ఇంటికి వస్తుంది. అబ్బాయి ఇంటర్నెట్‌కు కలిపి తన ఆఫీసు పేరుతో లోపలికి వెళితే, కంపెనీ ప్రోగ్రాములన్నీ వాటంతటవే ఎక్కుతాయి. అలాగే ఆ ల్యాప్‌టాప్ పోయినా, ఉద్యోగం మానినా, కంపెనీ దూరం నుంచే అందులోది మొత్తం చెరిపేయగలదు. కాబట్టి మీ పి.పి.ఓ. కాపీలు, ఇంటి దస్తావేజులు, మనవల ఫొటోలు ఆఫీసు ల్యాప్‌టాప్‌లో దాచమని పిల్లలకు ఇవ్వకండి. అది వాళ్ళ చేతిలో ఉంటుందే గాని, వాళ్ళ సొత్తు కాదు.

చివరిది, అన్నిటికంటె ముఖ్యమైనది. ఈ సాఫ్ట్‌వేరుతో కేంద్రంలో ఉన్న మనిషి శాఖలోని తెరను తన తెర మీద చూసి, మౌసు కూడా తానే కదపగలడు. ఆఫీసుల్లో దానికి కట్టుబాట్లు ఉంటాయి. అవతలివారి అనుమతి అడిగేటట్టు పెట్టవచ్చు, ఎవరు ఎప్పుడు ప్రవేశించారో నమోదవుతుంది. ఇలాంటి పనిముట్టునే మోసగాళ్ళు మన మీద వాడుతున్నారు. ‘బ్యాంకు నుంచి మాట్లాడుతున్నాం, మీ లైఫ్ సర్టిఫికెట్ ఆగిపోయింది, ఈ యాప్ వేసుకోండి, తెర మీద వచ్చిన అంకెలు చెప్పండి’ అంటారు. ఆ అంకెలు చెబితే మీ ఫోను తెర వాడి ముందున్నట్టే. మీకు వచ్చే ఓ.టి.పి. మీకంటె ముందు వాడే చదువుతాడు. ఎనీడెస్క్ యాప్‌తో జరుగుతున్న మోసాలపై 2019 ఫిబ్రవరిలోనే రిజర్వు బ్యాంకు హెచ్చరించింది. ఆ యాప్ చెడ్డది కాదు. పీట వేసి కూర్చోబెట్టిన మనిషి ఎవరన్నదే ప్రశ్న. ఏ బ్యాంకూ మీ ఫోను తెర చూపించమని ఫోను చేసి అడగదు. అడిగితే పెట్టేయండి. డబ్బు పోతే సిగ్గుపడి దాచుకోకుండా వెంటనే 1930కి ఫోను చేయండి.

ఇంట్లో ఉన్న కంప్యూటరు సంగతి కూడా చూసుకోవాలి. విండోస్ 10కి మామూలు సవరణలు 2025 అక్టోబరు 14తో ఆగిపోయాయి. నమోదు చేసుకున్న ఇళ్ళవారికి మాత్రం ఇంకొక ఏడాది, అంటే 2026 అక్టోబరు వరకు, భద్రతా సవరణలు ఇస్తామన్నారు. మీ మిషను ఏదో తెలియకపోతే మనవణ్ణో, మనవరాలినో అడగండి. ‘అప్‌డేట్ చేసుకో’ అని ఫోను అడిగినప్పుడు ‘తరువాత’ అని నొక్కకండి. రాత్రి ఛార్జింగు పెట్టి, సరేనని నొక్కి పడుకోండి. పెద్ద కంపెనీలకు సాఫ్ట్‌వేరు చేసే పని, మన ఇంట్లో మనమే చేసుకోవాలి.

ఆవిడ సంగతి చెప్పి ముగిస్తాను. ఆ జనవరిలో పదకొండు మందికీ ఎరియర్సు లెక్క కట్టించి, ఆవిడ చీటీ నేనే తీసుకుని ఇంటికి వెళ్ళాను. తప్పు మాదేనమ్మా, నేను సరిగ్గా చూడలేదు అన్నాను. ఆవిడ కోప్పడలేదు. లోపలికి వెళ్ళి చిన్న నోటు పుస్తకం తెచ్చారు. నెలనెలా రావలసినది, వచ్చినది పెన్సిలుతో రాసుకున్నారు. నా చీటీతో పోల్చి చూశారు. రూపాయితో సహా సరిపోయింది. "పోనీలే నాయనా. ఐదు నెలలు నేనే కూడికలు మర్చిపోయాననుకున్నాను" అన్నారు.

ఆ మాట నన్ను ఇప్పటికీ వదల్లేదు. ఆవిడకు తగ్గిన డబ్బు తిరిగి ఇవ్వగలిగాము. తన లెక్క మీద తనకే పోయిన నమ్మకానికి ఎరియర్సు ఏ పద్దులో వేయాలి? ఇవాళ కౌంటరులో ఎవరైనా ‘సిస్టమ్‌లో అలాగే ఉంది సార్’ అంటే, సిస్టమ్ తప్పు చెప్పవచ్చునని మీరు గుర్తుంచుకోండి. అది దాని నేరం కాదు, ఎక్కడో ఒక సొరుగులో విప్పని కవరు ఉండి ఉండవచ్చు. మీ లెక్క మీరు రాసుకోండి, మళ్ళీ అడగండి. అడిగేవాళ్ళు ఉంటేనే చూసేవాళ్ళు చూస్తారు.