ఎర్ర పండు ధర
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



పొద్దుటి నుంచి చాలామంది "ఏం చేస్తున్నావురా?" అని అడిగారు. పాడేరు ఏజెన్సీలో గిరిజన రైతుల దగ్గర కాఫీ పండు కొని, గింజ తీసి, వేయించి అమ్ముతున్నాను. "మరి కిలో అంత ధరేమిటి?" అన్నది రెండో ప్రశ్న. నాకిచ్చిన పది నిమిషాలూ దానికే వాడుకుంటాను.

మన్యంలో కాఫీ తోటలు సుమారు 900 నుంచి 1,100 మీటర్ల ఎత్తున ఉన్నాయి. ఎక్కువగా చిన్న కమతాలు. పండేది అరబికా. పైన సిల్వర్ ఓక్, పనస, మామిడి నీడ. ఓక్ మానుకు మిరియాల తీగ. నీడలో పండు నిదానంగా పండి గింజ గట్టిపడుతుంది. రాలిన ఆకు ఎరువవుతుంది, వానకు మట్టి కొట్టుకుపోకుండా ఆపుతుంది. మిరియాలు రెండో ఆదాయం. నీడ చెట్టు నరికితే ఇవన్నీ పోయినట్టే.

నవంబరు నుంచి జనవరి దాకా కోత. ఒకే కొమ్మకు పచ్చికాయ, దోరకాయ, ఎర్ర పండు కలిసి ఉంటాయి. కొమ్మను దూసేస్తే పని ఒక్కసారితో అయిపోతుంది. ఎర్రవే ఏరాలంటే అదే మొక్క దగ్గరకు మూడు నాలుగు సార్లు రావాలి. పచ్చికాయ కలిస్తే కప్పులో వగరు. కోసిన రోజే తొక్క తీసి, పులియబెట్టి, జిగురు కడిగి, నేల తగలకుండా ఎత్తైన బల్లల మీద ఆరబెట్టాలి. ఇంతా చేస్తే ఆరు కిలోల పండుకు దక్కేది సుమారు కిలో పచ్చిగింజ. వేయిస్తే అందులోనూ 15 నుంచి 20 శాతం బరువు తగ్గుతుంది. వేయించేటప్పుడు నేను చేయగలిగింది గింజలోని మంచిని చెడగొట్టకపోవడమే. మాడిస్తే ఏ కొండ గింజైనా ఒకటే రుచి.

మా రంగంలోనూ పరీక్షలున్నాయి. రుచి చూసేవారు 100కు మార్కులు వేస్తారు. 80 వస్తేనే స్పెషాలిటీ కాఫీ. మన మాస్టార్ల కంటే గట్టిగా దిద్దుతారు!

అరకు కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అంతకు ముందే, 2017లో, పారిస్‌లో అరకు పేరుతో దుకాణం తెరుచుకుంది. పేరు వచ్చింది కానీ పేరొక్కటే తోటను కాపాడదు. 2025లో బెర్రీ బోరర్ అనే కాయతొలిచే పురుగు అరకు ప్రాంతంలో కనిపించింది. దాన్ని అదుపు చేయాలంటే చెట్టు మీద, నేల మీద మిగిలిన కాయలన్నీ ఏరెయ్యాలి. అంటే మళ్లీ చాకిరీ.

ఆ మధ్య ఒక అక్క నన్ను అడిగింది: "ఎర్రవే ఏరితే నాకేటొస్తాది బాబూ?" దూసిన కాయకూ ఏరిన పండుకూ ఒకటే ధర ఇస్తే ఆమె ఎందుకు ఏరాలి? ఏరిన పండుకు నేను ఎక్కువ ఇస్తాను. మీరడిగిన "అంత ధర"లో కొంత ఆ తేడాయే. అది ఆమె చేతికి అందినన్నాళ్లే మంచి కాఫీ ఉంటుంది, నీడ చెట్టూ నిలుస్తుంది.

మిత్రులారా, ఒక్క కోరిక. కాఫీ కొనేటప్పుడు ప్యాకెట్ తిప్పి చూడండి. ఏ ప్రాంతం గింజ, ఎప్పుడు వేయించారు, చికరీ ఎంత శాతం? లేకపోతే దుకాణదారును అడగండి. పాలు, చక్కెర వద్దనను. మొదటి గుక్క మాత్రం ఒట్టి డికాషన్ రుచి చూడండి. ఇలా అడిగే కొనుగోలుదారులు పెరిగితే, ఆ అక్క అడిగినదానికి నేనొక్కడినే జవాబు చెప్పుకోవాల్సిన అవసరం ఉండదు.