ముసురు దినములలో సైకిలు ప్రయాణము

(పాఠశాల తల్లిదండ్రుల సభలో చేసిన ప్రసంగపాఠము)



శ్రావణ భాద్రపదములు వర్షర్తువనియు, ఆశ్వయుజ కార్తికములు శరదృతువనియు, శరత్తునందు ఆకాశము నిర్మలముగ నుండుననియు మన పిల్లలు తరగతిలో వల్లించుచుందురు. వారట్లు వల్లించుచుండగనే కిటికీ వెలుపల వాన ధారాపాతముగ కురియుచుండును. చెన్నపట్టణపు తెలుగువారి పంచాంగమునకును, ఈ ఊరి ఆకాశమునకును గల పేచీ నేటిది కాదు. ఇచ్చట సంవత్సరమునకు కురియు వాన సుమారు 140 సెంటీమీటర్లు. అందులో నూటికి 60 వంతులు అక్టోబరు మొదలు డిసెంబరు వరకు వీచు ఈశాన్య ఋతుపవనము వలననే కురియును. కావున మనకు వానకాలమును చలికాలమును వేరువేరుగా రావు. ఒకే గొడుగు క్రింద వచ్చును. ఈ మూడు మాసములలో మన పిల్లల సైకిళ్లు ఏమగుచున్నవను విషయమును గూర్చి నేడు నాలుగు మాటలు మనవి చేయదలచితిమి.

అవి ఏమగుచున్నవో మీ యందరికిని తెలియును. దీపావళి నాటికి మెట్ల క్రిందకు చేరి, గొలుసు తుప్పుపట్టి, సంక్రాంతి నాటికి గాలి లేని చక్రములతో బయటపడుచున్నవి. సైకిలు మూలపడుట యొక సంగతి. దానితో పాటు బడి మూలపడుట మరియొక సంగతి. ఈ రెండవదే మమ్ము ఇచ్చట నిలువబెట్టినది.

మనకు పాఠశాల యొక్కటి; ఇండ్లు మాత్రము నలుదిక్కుల నున్నవి. పొరుగు బడి వీధి మలుపుననే యుండును. మన బడికి పిల్లవాడు నాలుగైదు కిలోమీటర్లు రావలయును. ఎండ కాసిన దినములలో ఆ దూరము సైకిలుపై అరగంట పని. ఏ దూరముననైనను అమ్మభాషలో చదువు చెప్పించుకొనవలెనను మీ పట్టుదలను ఆ సైకిలే మోయుచున్నది. అది మెట్ల క్రిందకు చేరిన నాటినుండి హాజరుపట్టీలో ఖాళీలు మొదలగును. కార్తికమంతయు అడపాదడపా బడికి వచ్చిన పిల్లవాడు డిసెంబరు నెల అర్ధసంవత్సర పరీక్షలో వెనుకబడును. జూను మాసమున తండ్రిగారు వచ్చి, “దూరమవుతోందండీ, టి.సి. ఇప్పించండి” అని అడుగుదురు. వారిని మేము తప్పుపట్టము. కాని ఆ టి.సి. వ్రాయుట జూనులో ప్రారంభమైనది కాదనియు, అక్టోబరు మాసపు మొదటి ముసురుతో ప్రారంభమైనదనియు మా అనుభవము.

అయ్యా, వానలో పిల్లలను సైకిలుపై పంపుటెట్లని మీరడుగుదురు. ముందుగ లెక్క చూతము. అక్టోబరు, నవంబరు, డిసెంబరు మాసములకు కలిపి 92 దినములు. అందు చెప్పుకోదగిన వాన కురియు దినములు ఈ నగరమున సగటున 30కి అటునిటుగా నుండును. అనగా మూడింట రెండు వంతుల దినములు పొడిగనో, చిరుజల్లులతోనో గడచిపోవుచున్నవి. ఆ 30 దినములలోను రాత్రివేళ కురిసి తెల్లవారుసరికి తెరపి ఇచ్చునవి కొన్ని. ఆదివారములును సెలవులును కొన్ని. జిల్లా కలెక్టరుగారు ఉదయముననే బడులు మూసివేయుచున్నట్లు ప్రకటించునవి కొన్ని. ఇవన్నియు తీసివేయగా నిజముగ తడిసి రావలసిన దినములు చాల కొద్ది. ఆ కొద్ది దినములకు భయపడి మూడు మాసములు సైకిలుకు తాళము వేయుట మాకు న్యాయముగ తోచలేదు.

ఇక చలి మాట. మన డిసెంబరు ఉషఃకాలమున వేడిమి 20, 21 డిగ్రీలకు మించి దిగుట అరుదు. ఫిన్లాండు దేశమున ఆర్కిటిక్ వలయమునకు కొంచెము దిగువనే ఔలు అను నగరము కలదు. నెలల తరబడి అచ్చట మంచు కరగదు. అయినను అచ్చటి పిల్లలు శీతకాలమంతయు బడికి సైకిళ్లపై పోవుచుందురు. శీతకాలపు సైకిలు ప్రయాణమును గూర్చిన మొదటి అంతర్జాతీయ మహాసభ 2013లో ఆ ఊరనే జరిగినది. ఇది చెప్పి, “వారు పోగా మనవారు పోలేరా” అని మిమ్ము నిలదీయుట మా యుద్దేశము కాదు. ఆ పోలిక సగమే నిజము. ఔలులో సైకిలుకు ప్రత్యేకముగ బాటలు వేసినారు. డెన్మార్కు రాజధాని కోపెన్‌హాగెనులో మంచు పడినప్పుడు ముఖ్యమైన సైకిలు బాటలను ముందుగ శుభ్రపరచుదురు. వారిని నడిపించునది ఒడలి దారుఢ్యము కాదు, బాట. మనకు ఆ బాట లేదు. మన పిల్లవాని ప్రక్కనే నగరపు బస్సు పోవును, ఎదుట గొయ్యి యుండును. కావున మనము భయపడవలసినది చలికి కాదు, వానకును కాదు. నీరు నిలిచిన వీధికి, ఆగని బ్రేకునకు.

బ్రేకు సంగతి కొంచెము విపులముగ చెప్పనిండు. మన పిల్లల సైకిళ్లలో పెక్కింటికి రబ్బరు కట్టలు చక్రపు రిమ్మును ఒరసికొని బండిని ఆపును. రిమ్ము తడిసినప్పుడు రబ్బరునకును లోహమునకును నడుమ నీటిపొర యొకటి చేరును. ఆ పొర తుడుచుకొనిపోవు వరకు బ్రేకు పట్టదు. తళతళలాడు ఉక్కు రిమ్ములకు ఈ జబ్బు మరింత హెచ్చు. అల్యూమినియపు రిమ్ములకు కొంత తక్కువ. క్రొత్తగా వచ్చుచున్న డిస్కు బ్రేకులకు ఇంకను తక్కువ. ఎండనాడు ఆగిన చోటునకు రెండింతలు, మూడింతలు దూరము పోయినగాని వాననాడు బండి ఆగదు. ఇందులో మరియొక మోసమున్నది. నీటిపొర తొలగిన క్షణమున బ్రేకు హఠాత్తుగ పట్టును. భయముచే పిడికిలి బిగించిన పిల్లవాడు అప్పుడు జారిపడును. ఉపాయ మేమనగా, ఆగవలసిన చోటు కంటికి కనబడినంతనే, ఇంకను దూరముననే యుండగా, బ్రేకులను మెల్లగ తాకించి రిమ్మును తుడువవలయును. పిమ్మట వెనుక బ్రేకు, దానితో పాటు ముందు బ్రేకు క్రమముగ బిగింపవలయును. ఇది ఉపన్యాసము వలన వచ్చు విద్య కాదు. వాన వెలిసిన సాయంకాలమున ఖాళీ వీధిలో తండ్రియో అన్నయో ప్రక్కన నిలిచి పదిసార్లు చేయింపవలసినది. రెండు చేతులును హ్యాండిలుపై నున్నగాని ఇది సాధ్యము కాదు. అందుచేత ఒక చేత గొడుగు పట్టి సైకిలు త్రొక్కుటను మేము ఎట్టి పరిస్థితిలోను అంగీకరింపము.

వానలో కదలివచ్చు సన్నని యిసుక ఆ రబ్బరు కట్టలను త్వరగా అరగదీయును. ముసురునకు ముందే వాటిని మార్పించుడు. గొలుసును ప్రతి తడుపునకు పిదప గుడ్డతో తుడిచి కుట్టుమిషను నూనె చుక్కలు చుక్కలుగ వేయుడు. కొన్ని యిండ్లలో వంటింటి కొబ్బరినూనె వేయుచున్నారు. కొబ్బరినూనె 24 డిగ్రీల వద్దనే పేరుకొనును. మార్గశిరపు తెల్లవారుజామున ఆ గొలుసు అమ్మమ్మగారి తలనూనె సీసావలెనే బిగుసుకొని పోవుట మేము కన్నులార చూచినాము!

నీరు నిలిచిన వీధిని గూర్చి మా మాట కఠినముగ తోచవచ్చును. అడుగు కనబడని నీటిలోనికి సైకిలు పోరాదు. దిగి నడుచుటయు తగదు. ఆ నీటి క్రింద మురుగుకాలువ మూత తీసియుండవచ్చును. తెగిన విద్యుత్తు తీగ యుండవచ్చును. కాలిపై గీరుడు గాయమున్నచో ఎలుకల మూత్రము కలిసిన ఆ నీటివలన జ్వరము సోకవచ్చును. వ్యాసర్పాడిలోని గణేశపురము సబ్‌వే, త్యాగరాయనగరములోని దొరస్వామి సబ్‌వే పెద్ద వానకు చెరువులగుట ఈ ఊరివారికి క్రొత్త కాదు. కావున సెప్టెంబరు మాసమున పొడి ఆదివార మొకటి చూచుకొని, మీరును మీ పిల్లలును ఇంటినుండి బడి వరకు కలిసి నడిచి, ఏ చోటు పల్లమో, ఏ చోట నీరు మొదట నిలుచునో, అప్పుడు ఏ ప్రక్కవీధి పట్టవలయునో నిర్ణయించుకొనుడు. దారి రెండు కిలోమీటర్లు చుట్టయినను సరియే. ఆలస్యమైన పిల్లవానిని ఆ మాసములలో మేము గుమ్మము వెలుపల నిలుపము.

పోగూడని దినములు కూడ ఉన్నవి. వాతావరణశాఖవారు నారింజ హెచ్చరిక గాని ఎఱ్ఱ హెచ్చరిక గాని ఇచ్చిన దినమున, ఉరుములు మెఱుపులు గల వేళ, తుపాను తీరమునకు చేరుచున్న దినమున సైకిలు ఇంటనే యుండవలయును. 2015 డిసెంబరు వరదలను, 2023 డిసెంబరు మిచౌంగు తుపానును చూచినవారికి ఇది విప్పి చెప్పనక్కరలేదు. అట్టి దినమున సెలవు ప్రకటింపబడకున్నను రాని పిల్లవానిని మేము ప్రశ్నింపము.

“తడిస్తే జలుబు చేస్తుంది గదండీ” అను తల్లులకు ఒక్క మాట. జలుబు ఒకరినుండి మరియొకరికి అంటుకొను వ్యాధి. పన్నెండుమంది పిల్లలను కుక్కి, కిటికీ తెరలు దించిన ఆటోలో అది సులభముగ వ్యాపించును. ఆ ఆటోకు నెలనెల మీరు పైకమును చెల్లించుచున్నారు. తడి బట్టలతో గాలిలో నుండుట మాత్రము పిల్లలకు బాధాకరమే. తడిసిన చొక్కాకు గాలి తగిలినప్పుడు ఒడలిలోని వేడిమి త్వరగా హరించును. కావున పొడి చొక్కా యొకటి, చిన్న తువాలు ఒకటి సంచిలో కట్టి ప్రతి తరగతి బీరువాలో నుంచుటకు ఏర్పాటు చేసినాము. వానకోటు పసుపుపచ్చనిదైన మేలు. బస్సు నడుపువానికి దూరమునుండి కనబడును. మోకాళ్ల క్రిందికి వ్రేలాడు కోటు గొలుసులో చిక్కును. పుస్తకములకు ప్లాస్టిక్ సంచి వేరుగ నుండవలయును. టైరును ఒరసికొని తిరుగు పాత డైనమో తడిలో జారి దీపము నార్పివేయును గనుక, వెనుక భాగమున బ్యాటరీ యెఱ్ఱదీపము తప్పక పెట్టింపుడు.

బాలికల తల్లిదండ్రులకు ప్రత్యేకముగ చెప్పవలసినది కలదు. ముసురు రాగానే మొదట ఆగునది అమ్మాయి సైకిలు. అబ్బాయి సైకిలు వారము తరువాత. కారణ మడిగిన, “ఆడపిల్ల, ఎందుకులెండి” అందురు. ఈ రాష్ట్రముననే పుదుక్కోట జిల్లాలో 1991 ప్రాంతమున అక్షరాస్యతోద్యమముతో పాటు వేలకొలది స్త్రీలు సైకిలు నేర్చినారు. పొలము పనివారును, రాళ్లు కొట్టువారును అందులో నుండిరి. ప్రభుత్వము ఉచితముగ సైకిళ్లిచ్చు పథకము 2001లో షెడ్యూల్డు కులముల, తెగల బాలికలతోనే మొదలై, 2005 తరువాత బాలురకును విస్తరించినది. చున్నీ నడుమునకు ముడివేసి, వెనుక చక్రమునకు వలకట్టు బిగించిన చాలును. వాన అమ్మాయికిని అబ్బాయికిని ఒక్కటే.

చదువునకే కాక సంతోషమునకు కూడ ఈ కాలము తగినదే. వేసవి ఆదివారమున ఎనిమిది గంటలకే తల మాడును. వాన వెలిసిన మార్గశిరపు ఉదయమున ఎంత దూరమైనను త్రొక్కవచ్చును. పై తరగతులవారిని డిసెంబరు మాసపు ఆదివారమున పుళల్ చెరువునకు తోడ్కొనిపోవుట మాకలవాటు. అప్పుడది నిండియుండును. కండలేరునుండి కాలువ వెంబడి పూండి జలాశయమునకు చేరిన కృష్ణాజలము అచ్చటినుండి ఈ చెరువునకు వచ్చుచున్నది. 1996లో అది తొలిసారి పూండిని చేరినది. గట్టుమీద సైకిళ్లు నిలిపి ఈ సంగతి చెప్పినప్పుడు, కృష్ణానది నెన్నడును చూడని మన పిల్లలు చెరువునకు దిగి దోసిలితో నీరు తీసి చూతురు. పటముమీద చూపిన నదికన్న అది వారికి బాగుగ జ్ఞాపకముండును. చేతికఱ్ఱతో వెనుక మరియొక సైకిలుపై వచ్చు మా వ్యాయామోపాధ్యాయులకు మాత్రము ఆ దినము కొంచెము శ్రమ.

దీపావళికి ముందటి శనివారము ఉదయము 9 గంటలకు పాఠశాల ఆవరణమున సైకిళ్ల పరీక్ష జరుగును. సైకిలు షాపువారొకరు వచ్చుటకు సమ్మతించినారు. బ్రేకు కట్టలు, ట్యూబు, వెనుక దీపము అవసరమైనవారు ఆ వస్తువుల వెల మాత్రము ఇచ్చిన చాలును. కూలి మేము భరింతుము. మెట్ల క్రింద నున్న సైకిళ్లను గూడ తీసికొని రండు.