నేను పట్టిన కుందేలు
(పూర్వ విద్యార్థుల సమావేశంలో చేసిన ప్రసంగం)

 

నేను ఇంజనీరుని. అయినా ఈరోజు కుందేళ్ల గురించి మాట్లాడతాను. ఇది అమృతలూరులో నేను మిగిల్చుకున్న పాత బాకీ.

ఏడో తరగతిలో నా పక్కన కూర్చునే మిత్రుడు ఒకరోజు, "మా మినుము చేలో కుందేలు ఈనిందిరా. పిల్లలకి పుట్టగానే ఒళ్లంతా బొచ్చు, కళ్లు కూడా తెరిచే ఉన్నాయి" అన్నాడు. మా పెదనాన్నగారింట్లో తెల్ల కుందేలు పిల్లలు బొచ్చు లేకుండా, కళ్లు మూసుకుని పుట్టడం నేను చూశాను. "కోతలు కొయ్యకు" అన్నాను. వాడు మాట మార్చలేదు. "తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్లంటాడు" అని వెక్కిరించాను. క్లాసంతా నవ్వింది. ఆ ఏడాదే వాడు బడి మానేసి పొలం పనుల్లోకి వెళ్లాడు.

చాలా ఏళ్ల తర్వాత చదివి తెలుసుకున్నాను. మేం చూసినవి రెండు వేర్వేరు జంతువులు. మనం రెండింటినీ కుందేలనే అంటాం. ఇంగ్లీషులో చేలల్లో తిరిగేది హేర్, ఇంట్లో పెంచేది రాబిట్. మన హేర్ బొరియ తవ్వదు, నేల మీదే ఈనుతుంది. అందుకే పిల్లలు బొచ్చుతో, తెరిచిన కళ్లతో పుడతాయి. తెల్ల కుందేలు పూర్వీకులు యూరప్‌లో బొరియల్లో బతికినవి. అక్కడ పిల్లలకు రక్షణ ఉంటుంది. హేర్‌కు 48 క్రోమోజోములు, రాబిట్‌కు 44.

వీటికి మరో చుట్టం పైకా. ఉద్యోగరీత్యా లడఖ్ వెళ్లినప్పుడు రాళ్ల మధ్య దాన్ని చూసి ఎలుకనుకున్నాను. చెవులు పొట్టిగా, గుండ్రంగా ఉంటాయి. తోక పైకి కనిపించదు. పైకాల్లో కొన్ని రకాలు గడ్డి కోసి ఎండబెట్టి, మన గడ్డివాముల్లాగే చలికాలానికి దాచుకుంటాయి.

ఈ మూడూ ఒకే వంశమని పళ్లు చెబుతాయి. పై దవడలో ముందుపళ్ల వెనుక మరో చిన్న జత ఉంటుంది. ఎలుకకు అది లేదు. వీటిని ఎలుకల నుంచి విడదీసి వేరే వర్గంగా చూడాలని 1912లో అమెరికా శాస్త్రవేత్త గిడ్లీ వాదించాడు. ఆ వర్గం పేరు లాగోమార్ఫా. ఈ వంశానివే, సుమారు 5.3 కోట్ల ఏళ్ల నాటి ఎముకలు మన గుజరాత్‌లోని వస్తాన్ లిగ్నైట్ గనిలో దొరికాయి.

ఒకే పేరు చూసి నేను రెంటినీ ఒకటనుకున్నాను. వాడు మాత్రం కళ్లతో చూసింది చెప్పాడు. కుందేలుకి మూడు కాళ్లన్నది నేనే. వాడు ఈ సభలో లేడు. ఊళ్లో ఉన్నవాళ్లెవరైనా ఈ సంచిక వాడి చేతికిచ్చి, ఆ రోజు వాడి మాటే నిజమని నేను ఒప్పుకున్నానని చెప్పండి.

సెలవు.