గాదెలో ఉంటే చాలునా?



మునగాకు కంటికి మంచిదని మన ముసలమ్మలు ఎప్పటినుంచో చెప్పేదే. ఆ ఆకులోని సత్తువ కంటిదాకా ఏ దారిన పోతుందో ఈ పూట చెప్పుకొందాం. దారి తెలిస్తే, అది ఎక్కడ తెగుతుందో కూడా తెలుస్తుంది.

మునగాకు, తోటకూర, బొప్పాయి, మామిడిపండ్లలో కెరోటిన్ అనే పదార్థం ఉన్నది. మన పేగు గోడలు దానిని విటమిన్ 'ఎ'గా మారుస్తాయి. పాలు, గుడ్లు, కార్జంలో తయారైన 'ఎ'యే దొరుకుతుంది. ఇవి కొవ్వులో కరిగేవే గాని నీటిలో కరగవు. కనుక కూరలో చెంచాడు నూనె పడకపోతే పేగు వాటిని సరిగా పట్టుకోలేదు. పేగు పట్టుకొన్నది కొవ్వుతో కలిసి రక్తంలో చేరి, చాలావరకు కాలేయానికి పోతుంది. కాలేయం మన గాదె వంటిది. మంచి తిండి తిన్నవారికి ఆ నిలువ నెలల తరబడి వస్తుంది.

గాదెలో ధాన్యం ఉన్నది సరే, అంగడికి తోలాలంటే బండి కావద్దా? కాలేయం ఒక మాంసకృత్తును తయారుచేసి, దానిమీద 'ఎ'ను ఎక్కించి పంపుతుంది. రెటినాల్ బైండింగ్ ప్రొటీన్ అని దాని పేరు. ఇది మరీ చిన్న బండి. ఒంటరిగా పోతే మూత్రపిండాల వడపోతలో జారిపోతుంది. అందుకని ట్రాన్స్‌థైరెటిన్ అనే పెద్ద మాంసకృత్తు దానిని జత కట్టుకొని నడుస్తుంది. కంటికి చేరిన 'ఎ' మసక వెలుతురులో చూపునిచ్చే రంగు పదార్థంలో భాగమవుతుంది. అది చాలకపోతే రేచీకటి.

బండి మాంసకృత్తుతో అయినది గదా! పప్పు, పాలు, గుడ్డు చాలని పిల్లవాడికి బండ్లు తయారుకావు. తిండిలేక ఒళ్ళు వాచిన పిల్లలలో, గాదెలో కొంత సరుకున్నా రక్తంలో కనబడకపోవచ్చును. తట్టు, జ్వరం వచ్చినప్పుడూ బండ్లు తగ్గుతాయి. పాలన్నీ కేంద్రానికి పోసి, గుడ్లన్నీ సంతకు పంపే ఇల్లు ఈ లెక్క కూడా చూసుకోవాలి.

ఈ విషయాలపై మన హైదరాబాదులోనే ఎంతో పని జరిగింది. తార్నాకలో, ఉస్మానియా విశ్వవిద్యాలయం ఆవరణ పక్కనే జాతీయ పోషకాహార సంస్థ ఉన్నది. 1918లో కూనూరులో మొదలై, 1958లో ఇక్కడికి వచ్చింది. (విశ్వవిద్యాలయమూ 1918లో పుట్టినదే.) జబ్బుపడ్డ పిల్లల పేగు మామూలు పిల్లలంతగా 'ఎ'ను పట్టుకోదని ఇక్కడి శాస్త్రజ్ఞులు శివకుమార్, వినోదినీ రెడ్డి గార్లు 1972లో తెలియజేశారు. కాలేయం నిలువ చేసుకొంటుంది గనుకనే, పిల్లలకు ఆరునెలలకొకసారి పెద్ద మోతాదు పోస్తే సరిపోతుంది. ఆ పథకం దేశంలో 1970లో మొదలైంది. తొమ్మిదో నెలలో లక్ష యూనిట్లు, తర్వాత ఐదేండ్లదాకా ఆరునెలలకొకసారి రెండు లక్షలు.

విస్తరణ కార్యకర్తలు ఒకటి గమనించవలెను. మందు పోశారని తల్లి పప్పు మానితే గాదె నిండుతుంది, బండి కదలదు. మునగాకు పప్పు చేయమనండి. తాలింపులో నూనె ఎలాగూ పడుతుంది. మోతాదు కార్డులో రాయించండి, మోతాదు మీరితే హాని కలగవచ్చును. గర్భిణులకు ఆ పెద్ద మోతాదు పనికిరాదు. పొద్దుగూకగానే తడుముకొనే పిల్ల కనబడితే మాత్రం మరునాటిదాకా ఆగక, ఆసుపత్రికి తీసుకుపొమ్మని చెప్పండి.