తోటయింటికి తగిన ఇన్వర్టరు
(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ప్రసంగ పాఠము)



ఈ రజతోత్సవ సమయమున కావ్యప్రసంగ మేదైన చేయుమని నన్ను కొందరు మిత్రులు కోరిరి. పద్దులు వ్రాయుట వృత్తిగాను, పద్యములు చదువుట వ్యసనముగాను గలవాడను గనుక ఆ కోరిక నాకు ప్రియమైనదే. కాని కొంతకాలమునుండి మన చదువరులు నాచేత వేయించుకొనుచున్న లెక్కలలో హెచ్చుభాగము వేరొక విషయమునకు సంబంధించినవి. పొలములలోను తోటలలోను ఇండ్లు కట్టుకొన్నవారు, కరెంటు స్తంభము తమ గడపదాక రాదని తేలినపిమ్మట, సూర్యరశ్మితో దీపము పెట్టుకొనదలచి “ఎంత ఇన్వర్టరు కొనవలెను?” అని అడుగుచున్నారు. అప్పుచేసి కొను వస్తువు గనుక నేడు ఆ ప్రశ్ననే ఎత్తుకొనుట మేలని తలచితిని. మహావీరాచార్యుని గణితశాస్త్రమును పావులూరి మల్లన తెనుగు చేసినాడు. గణితమునకును మన సాహిత్యమునకును చుట్టరికము ప్రాతదే గనుక పండితులు నన్ను మన్నింతురు గాక.

ముందుగా ఒక భేదము చెప్పవలెను. ఇంటికప్పుపై పలకలు పెట్టి వీధి తీగెకు కలుపు ఏర్పాటు వేరు. 2024లో ఆరంభమైన ప్రధానమంత్రి సూర్యఘర్ పథకము అట్టి యిండ్లకు సంబంధించినది. బ్యాటరీ లేని ఆ ఏర్పాటు, వీధిలో కరెంటు పోయిన తక్షణమే తానును ఆగిపోవును. తీగెపై మరమ్మతు చేయువానికి ప్రాణాపాయము రాకుండుటకే అట్లు కట్టుదిట్టము చేసిరి. నేను చెప్పబోవునది వీధి తీగెతో ఏ సంబంధమును లేక, కేవలము బ్యాటరీపై నడచు ఇంటిని గూర్చి.

అట్టి యింట సౌరఫలకములు జమ, బ్యాటరీ నిల్వ. ఇన్వర్టరు సంపాదించునదియు కాదు, దాచునదియు కాదు. బ్యాటరీలోని ఏకముఖ విద్యుత్తును 230 వోల్టుల ఏకాంతర విద్యుత్తుగా మార్చి చేతికిచ్చునది మాత్రమే. దినమునకు ఎన్ని యూనిట్లు కావలెనను లెక్కనుబట్టి ఫలకములను, బ్యాటరీని నిర్ణయింపవలెను. ఇన్వర్టరును నిర్ణయించునది ఆ లెక్క కాదు. ఏ క్షణమున మిక్కిలి హెచ్చుగా, ఎన్ని వాట్లు ఒక్కమారుగా అడుగుదుము? ఇదియే దాని లెక్క. ఈ రెండును కలిపివేయుటవలననే డబ్బు వృథాయగుచున్నది.

ఒక కుటుంబము లెక్కనే చెప్పెదను. మామిడితోటలో ఇల్లు కట్టుకొని, వృద్ధురాలైన తల్లితో కాపురముండు రైతు నాయొద్దకు వచ్చెను. ఆ తల్లికి దినమును ఇన్సులిను సూది తప్పదు. ఆ మందును ఫ్రిజ్జులో రెండు మొదలు ఎనిమిది డిగ్రీల చల్లదనమున నిలువయుంచవలెను. అంగడిలో అతనికి ఐదు కేవీఏ ఇన్వర్టరు చెప్పిరట. “బాబాయిగారూ, పెద్దది కొంటే పేచీ ఉండదు కదా!” అని అతని వాదము. యంత్రములపై అంటించిన చీటీలన్నిటిని చూచి వ్రాసికొని రమ్మంటిని.

తొమ్మిది వాట్ల దీపములు ఆరు: 54. మామూలు పంకాలు మూడు, ఒక్కొక్కటి 75 చొప్పున 225. టీవీ 60, ఫ్రిజ్జు 150, సెల్లుఫోనులకు 20. ఇవన్నియు రాత్రివేళ ఒక్కమారు నడచినను 509 వాట్లు. దీనికి మిక్సీ 750 చేర్పగా 1259. అర హార్సుపవరు నీటిమోటారు తిరుగునపుడు తీసికొనునది సుమారు 600. మిక్సీయు మోటారును ఒకేమారు వేయకుండుట ఇంటివారి చేతిలోని పని గనుక, రెండింటిలో పెద్దదానినే పద్దులో వేసితిని. 1259కి నాలుగవ వంతు మిగులుగా చేర్చిన 1574 వాట్లగును. ఈ మిగులు మన ఎండలకు అవసరము. చీటీపై వ్రాసిన శక్తి చల్లని గదిలో పరీక్షించినది. రేకులకప్పు క్రింద వేసవి మధ్యాహ్నము యంత్రము అంత శక్తి నీయలేదు.

ఇచట ఒక మెలిక యున్నది. అంగడిలో అమ్మునది వాట్లలో కాదు, వీఏలో. ఈ రెండును ఒకటి కావు. పవర్ ఫ్యాక్టరు 0.8 అని వ్రాసియున్నచో వేయి వీఏ యంత్రము ఎనిమిదివందల వాట్లే యిచ్చును. కావున 1574ను 0.8చే భాగింపగా 1967 వీఏ వచ్చినది. అనగా రెండు కేవీఏ యంత్రము చాలును. ఐదు ఎక్కడ, రెండు ఎక్కడ!

అయితే అంగడివారు ఐదని ఏల చెప్పిరి? నీటిమోటారు కారణముగా. రామాయణమున కుంభకర్ణుని మేల్కొలుపుటకు కొండలవలె ఆహారము పోగుచేయవలసి వచ్చెను గదా! మోటారు స్వభావమును అట్టిదే. తిరుగుచున్నప్పుడు 600 వాట్లతో తృప్తిపడునది, లేచు క్షణమున ఐదింతలో ఆరింతలో అడుగును. ఐదింతలనుకొన్నను 3000; తక్కిన 509 వాట్లు నడచుచుండగా వేసినచో మూడువేల ఐదువందలు దాటినది. 1600 వాట్ల ఇన్వర్టరు క్షణకాలము రెండింతలు ఓర్చునని పత్రికలో వ్రాసినను 3200 మాత్రమే. అది ఓవర్లోడని ఆగిపోవును. ఆగునపుడు మోటారొక్కటే ఆగదు, దీపములతోబాటు ఫ్రిజ్జును ఆగును. కొన్ని యంత్రములు తామే మరల లేచును. కొన్ని మనుష్యుడు పోయి మీట నొక్కువరకు లేవవు. అందరును తోటపనిలోనుండి ఎవరును గమనింపనిచో ఆ తల్లి మందు గతి యేమి?

దీనికి రెండు దారులు గలవు. మూడు కేవీఏకు పోవుట ఒకటి. మోటారును ఇంటి యిన్వర్టరునుండి విడదీసి, దానికి వేరుగా ఫలకములను, మెల్లగా వేగమందించు కంట్రోలరును అమర్చి, పగటివేళ తొట్టి నింపుకొనుట రెండవది. దినమునకు అరగంట తిరుగు మోటారు కొరకు, ఇరువదినాలుగు గంటలు మేలుకొనియుండు యంత్రమును పెంచుట నాకు సమ్మతము కాదు. రెండవదానినే చెప్పితిని. ఫ్రిజ్జునకును లేచునపుడు ఆరింతలు, అనగా 900 వాట్లు, కావలెను. మిక్సీ తిరుగుచుండగా అది లేచినను మొత్తము రెండువేలకు కొంచెమే పైబడును. రెండు కేవీఏ దానిని ఓర్చును. ఓర్పు ఎన్ని క్షణములో కొనకముందే అడుగవలెను. లోపల బరువైన ట్రాన్స్‌ఫార్మరుండు యంత్రములు ఈ విషయమున సాధారణముగా మేలు. మోయుటకు మాత్రము ఇద్దరు కావలెను.

ఇక “పెద్దదైతే పేచీ లేదు” అను మాట. ఏ దీపమును వెలుగకున్నను ఇన్వర్టరు తన పోషణకు కొంత తినుచునే యుండును. యంత్రము పెద్దదైనకొలది ఆ తిండియు సాధారణముగా పెద్దది. ఒకటి 50 వాట్లు, మరియొకటి 20 వాట్లు తినుననుకొనుడు. దినమునకు మొదటిది 1200, రెండవది 480 వాట్-గంటలు. తేడా ముక్కాలు యూనిట్టుకు దగ్గర, దాదాపు ఒక చిన్న ఫ్రిజ్జు దినభత్యము. మన ప్రాంతమున ఒక కిలోవాటు ఫలకములు మంచి యెండలో దినమునకు నాలుగు యూనిట్లకు అటునిటుగా ఇచ్చును. ముసురుపట్టిన శ్రావణమున అదియు లేదు. అట్టి దినములలో ముక్కాలు యూనిట్టు ఊరక పోగొట్టుకొనుట తెలివిగల జమాఖర్చు కాదు. ఖాళీగానున్నప్పుడు యంత్రము తినునది ఎంతయో పత్రికలో చివర చిన్న అక్షరములలో వ్రాసియుందురు.

పంకాల సంగతియు చెప్పవలెను. 75 వాట్ల పంకాలకు మారుగా 30 వాట్ల బీఎల్‌డీసీ పంకాలు వేసినచో మూడింటిపై 135 వాట్లు తగ్గును; పదిగంటలు తిరిగిన దినమునకు ఒక యూనిట్టుపైన మిగులు. ఇన్వర్టరు పరిమాణమిందు మారలేదు గాని, బ్యాటరీకిని ఫలకములకును పెట్టు సొమ్ము ఎంతయో తగ్గినది. ఆ రైతు పంకాలనే ముందు మార్చినాడు.

బ్యాటరీ వోల్టులనుగూర్చి క్లుప్తముగా. 1600 వాట్లను 12 వోల్టులతో తీయవలెనన్న 133 ఆంపియర్లు, నష్టములతో 150 దాక, తీగెలో ప్రవహించును. తీగె లావు కావలెను, బిగింపు వదులైనచో కాలును. 24 వోల్టులైన అందు సగమే. కావున రెండు కేవీఏకు 24 వోల్టులు కోరుడు. తరంగము శుద్ధమైన సైను తరంగమై యుండవలెను. మెట్లుమెట్లుగానుండు చౌక తరంగముపై మోటార్లు వేడెక్కి మూలుగును. ఫ్రిజ్జు గల యింట ఆ చౌక పనికిరాదు.

నేను వేసిన పట్టికను గ్రంథాలయములో పత్రికల బల్లప్రక్క పెట్టితిని. కొనదలచినవారు తమ యంత్రములపైనున్న చీటీలలోని అంకెలను వ్రాసికొని ఏ ఆదివారము ఉదయమైనను రావచ్చును. మోటారు చీటీ తుప్పుపట్టి చదువరానిచో, దాని హార్సుపవరు తెలిసినను సరిపోవును.